ఎల్‌సి (లైన్ క్లియర్) ఇచ్చి ఉండగా బ్రేకర్ దానంతట అదే క్లోజ్ అయింది: ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్ కేసు

నేను చేసే పని సబ్‌స్టేషన్లల్ల రిలేలు టెస్ట్ చేయడం, ఆర్‌టీయూలు పెట్టి స్కాడాకు కలపడం. రిలే అంటే లైన్ల తప్పు పసిగట్టి బ్రేకర్‌ను, అంటే లైను ఆన్ ఆఫ్ చేసే పెద్ద స్విచ్‌ను, పడేసేది. ఆర్‌టీయూ అంటే సబ్‌స్టేషన్ సంగతులు దూరానికి పంపి, అటు నుంచి వచ్చే కమాండ్లు నడిపే డబ్బా. స్కాడా అంటే దూరం నుంచి చూసి నడిపే కంప్యూటర్ వ్యవస్థ. రిమోట్ కంట్రోల్ అనేది ఒకప్పుడు పెద్ద సబ్‌స్టేషన్ల ముచ్చట, ఇప్పుడు ఊరి బయట ఉండే చిన్న 33/11 కేవీ సబ్‌స్టేషన్లకు కూడా వస్తున్నది. పెట్టేటోళ్లు తొందరల పెడుతున్నరు, వాడేటోళ్లు నమ్మి వాడుతున్నరు. అందుకే ఈ ఒక్క కేసు పూర్తిగా రాస్తున్న. ఊరు పేరు, ఫీడర్ పేరు, సిస్టమ్ పెట్టిన కంపెనీ పేరు, ఏ సంవత్సరమో కూడా రాయట్లే. పాలమూరు వైపు అనుకోండి, చాలు. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చిన.

నేపథ్యం

మూడు సబ్‌స్టేషన్లు. చుట్టూ ఎర్ర చెల్కలు, బోర్లు, యాసంగిల వేరుశనగ, నీళ్లున్న కాడ వరి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనంక ఇక్కడి ఫీడర్ల (సబ్‌స్టేషన్ నుంచి ఊర్లకు, చేన్లకు పోయే 11 కేవీ లైన్ల) నడకే మారింది. అంతకుముందు పగలు కొన్ని గంటలు, రాత్రి కొన్ని గంటలు అని విడతలుగా ఇచ్చేటోళ్లు, కరెంటు ఎప్పుడొస్తదో అని అర్ధరాత్రి చేను కాడికి పోలేక రైతులు బోరు మోటర్లకు ఆటోస్టార్టర్లు (కరెంటు రాంగనే మోటరును దానంతట అదే లేపేటియ్) పెట్టుకున్నరు. కరెంటు 24 గంటలు అయింది గానీ ఆ ఆటోస్టార్టర్లు చాలా కాడ స్టార్టర్ డబ్బాలల్ల అట్లనే ఉండిపోయినయ్, తీసేయమని ఎన్నిసార్లు చెప్పినా సరే. ఈ సంగతి మళ్ల వస్తది.

రాత్రి షిఫ్టుల ఒక్కొక్క సబ్‌స్టేషన్‌కు ఒక్కడే ఆపరేటర్. అందుకే మూడింటినీ ఒక కంట్రోల్ రూమ్ నుంచి చూసేటట్టు, అవసరమైతే బ్రేకర్ ఆన్ ఆఫ్ కూడా చేసేటట్టు సిస్టమ్ పెట్టిన్రు. ఫీడర్ ప్యానెల్‌ల న్యూమరికల్ రిలే, దాని నుంచి ఆర్‌టీయూకు వైరు, ఆర్‌టీయూ నుంచి 4జీ రౌటర్, అందుల ఒక సిమ్, అటు పక్క కంట్రోల్ రూమ్ సర్వర్. మధ్యల నడిచే భాష ఐఈసీ 60870-5-104, మేము వన్ నాట్ ఫోర్ అంటం. ఇది 2000 సంవత్సరం నాటి స్టాండర్డ్, కరెంటోళ్ల సొంత నెట్‌వర్క్‌ల వాడుకోవడానికి చేసింది, అందుకే అందుల యూజర్ నేమ్ లేదు, పాస్‌వర్డ్ లేదు. పంక్తిల వడ్డించేటోని లెక్క, ఎవరు విస్తరి ముందట కూసుంటే వాళ్లకు వడ్డిస్తది, నువ్వెవరు అని అడగదు. దీనికి భద్రత జోడించే ఐఈసీ 62351 అనే స్టాండర్డ్ తర్వాత వచ్చింది గానీ ఇంత చిన్న ఆర్‌టీయూలల్ల అది పనిచేస్తుంటే నేనైతే చూడలే.

సిస్టమ్ పెట్టినంక లాభం లేకపోలే. ఫీడర్ ట్రిప్ అయితే ఇదివరకు ఊరోళ్లు ఫోన్ చేస్తేనే తెలిసేది, ఇప్పుడు కంట్రోల్ రూమ్‌ల తెర మీద క్షణాలల్ల తెలుస్తది, ఓవర్ కరెంటా (కరెంటు ఎక్కువ గుంజడం) ఎర్త్ ఫాల్టా (లైను భూమికి తగలడం) కూడా కనిపిస్తది. అందుకే దీన్ని పీకి పడేద్దాం అన్నోళ్లతో నాకు మొదటి నుంచీ పేచీనే.

సమస్య

ఒక వ్యవసాయ ఫీడర్ ఇండికేషన్ లేకుండా ట్రిప్ అవుతున్నది. అంటే బ్రేకర్ పడుతది, రిలే మీద మాత్రం ఏ ఫాల్టూ చూపించదు. ఆపరేటర్ మళ్ల ఆన్ చేస్తే మంచిగ నిలుస్తది. వారానికో, పది దినాలకో ఒకసారి. ఎవ్వరూ పెద్దగ పట్టించుకోలే, ఎందుకంటే అదే ఫీడర్ మామూలు ఫాల్టులతో కూడా మస్తుసార్లు పడుతుంటది, ఎండాకాలం గాలివానలల్ల అయితే చెప్పనక్కర్లే.

పట్టించుకునేటట్టు చేసింది ఒక పొద్దుటి సంగతి. జంపర్ (స్తంభం మీద వైర్లను కలిపే ముక్క) మార్చాలని లైన్‌మన్ ఎల్‌సి తీసుకున్నడు, అంటే లైను ఆపినం, పని చేసుకో అని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి. బ్రేకర్ ఆఫ్ చేసి, ఏబీ స్విచ్ (లైన్‌ను కండ్లకు కనపడేటట్టు విడదీసే స్విచ్) విప్పి, పని చేసే స్తంభానికి రెండు పక్కలా లైన్‌ను భూమికి కలిపే ఎర్తింగ్ రాడ్లు తగిలించుకుని పైకెక్కిండు. సబ్‌స్టేషన్ లోపల ప్యానెల్ హ్యాండిల్‌కు "మనుషులు పని చేస్తున్నారు" అన్న ఎల్‌సి బోర్డు తాడుతో వేలాడుతున్నది. ఆపరేటర్ రీడింగులు రాసుకుంటున్నడు, యార్డ్‌ల నుంచి టప్పుమని శబ్దం వచ్చింది, తలెత్తి చూస్తే ఆ ప్యానెల్ మీద ఎర్ర బుగ్గ వెలిగింది, అంటే బ్రేకర్ క్లోజ్ అయింది. బోర్డు ఎక్కడిదక్కడ ఉన్నది, హ్యాండిల్ ఎవ్వరూ ముట్టలే. ఆ పిల్లగాడు లేచి చేత్తో ట్రిప్ చేసి లైన్‌మన్‌కు ఫోన్ చేసి "అన్నా దిగు, దిగన్నా ముందు" అని అరిచిండు. అటు నుంచి "ఏమైందిరా, ఇక్కడేం కాలే" అన్నడు ఆయన. ఏబీ స్విచ్ విప్పి ఉన్నది, రాడ్లు ఉన్నయ్, అందుకే ఏం కాలే. పాత పద్ధతిల, పొట్టి దారి తొక్కకుండా ఎల్‌సి తీసుకున్న మనిషి కాబట్టి బతికి ఉన్నడు. బ్రేకర్ ఒక్కటి ఆఫ్ చేసుకుని ఎక్కేటోళ్లు లేరా అంటే, ఉన్నరు.

ఆ సాయంత్రమే నన్ను పిలిచిన్రు.

మొదటి అనుమానం, అది ఎందుకు సరిపోలే

ఇండికేషన్ లేని ట్రిప్ అంటే మా లైన్‌ల ఎవరైనా ముందు చూసేది డీసీ సర్క్యూట్, అంటే బ్రేకర్‌ను కదిలించే కాయిళ్లకు బ్యాటరీ నుంచి పోయే వైరింగ్. బ్యాటరీ ప్లస్సో మైనస్సో ఎక్కడన్న భూమికి తగిలితే, ఇంకో చోట కూడా లీకేజ్ ఉంటే, ట్రిప్ కాయిల్‌కు దొంగదారిన కరెంటు పోయి బ్రేకర్ పడొచ్చు. మెగ్గర్ (లీకేజ్ కొలిచే మీటర్) పెట్టి చూస్తే యార్డ్‌ల ఉన్న మార్షలింగ్ బాక్స్‌ల (వైర్లన్నీ కలిసే డబ్బాల) నిజంగనే లీకేజ్ దొరికింది, మూత రబ్బరు పోయి వాన నీళ్లు దిగినయ్, టెర్మినళ్ల మీద పచ్చగ చిలుము పట్టింది. అది బాగు చేసినం. అక్కడున్నోళ్లందరు "దొరికింది సార్" అని ఊపిరి పీల్చుకున్నరు.

నాకు మాత్రం ఒకటి పొసగలే. లీకేజ్‌తోటి బ్రేకర్ పడొచ్చు, ఒప్పుకుంటా. అదే బ్రేకర్ ఇంకో దినం క్లోజ్ కావాల్నంటే క్లోజింగ్ కాయిల్‌కు వేరే దారిన వోల్టేజ్ రావాలె. రెండు వేరు వేరు కాయిళ్లు, వేరు వేరు వైర్లు, రెండింటికీ ఒకే ఫీడర్‌ల అదే జబ్బు రావడం కన్నా ఆ రెండింటినీ కదిలించగలిగే ఒకటే చెయ్యి ఉండటం ఎక్కువ నమ్మేటట్టు ఉన్నది. ఆ రెండు కాయిళ్లనూ కదిలించగలిగేవి రెండే: ప్యానెల్ మీది హ్యాండిల్, ఆర్‌టీయూ కమాండ్. హ్యాండిల్ ఎవ్వరూ ముట్టలే.

అంత మాత్రాన ఆర్‌టీయూ మీదికి దూకలే. ముందు లాగ్ బుక్కు తెచ్చుకుని ఆ ఫీడర్ ట్రిప్పులన్నీ రెండు కుప్పలు చేసినం, ఇండికేషన్ ఉన్నయ్ ఒక పక్క, లేనియ్ ఒక పక్క. ఇది చేయకపోతే ముందుకు పోయేటోళ్లమే కాదు. ఎందుకంటే బుక్కుల అన్నిటికీ "ట్రిప్డ్" అని ఒకటే మాట రాసి ఉన్నది, రిలే మెమరీతో పోల్చి చూస్తేనే ఏది ఏదో తెలుస్తది.

ఇండికేషన్ ఉన్న కుప్పల చాలా వరకు కరెంటు పోయి మళ్ల ఇచ్చిన నిమిషంలోపే పడ్డయ్. ఇక్కడే ఆటోస్టార్టర్ల సంగతి. ఫీడర్ ఆన్ చేయంగనే వందల మోటర్లు ఒక్కసారే లేస్తయ్, లేచేటప్పుడు మోటరు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు గుంజుతది, రిలే దాన్ని ఫాల్టు అనుకుని పడేస్తది. ఆపరేటర్ మళ్ల ఇస్తడు, మళ్ల పడుతది. ఇది వేరే జబ్బు, దీనికి మందు వేరు. కానీ ఇది గంత మోత చేస్తుండె కాబట్టి రెండో కుప్ప అందుల దాక్కున్నది. రెండో కుప్ప చిన్నది, అన్నీ పగటి పూటనే, ఆదివారాలు ఒక్కటీ లేదు. అది చూడంగనే నాకు ఎక్కడో దూరంగ ఉన్న శత్రువు కన్నా ఆఫీసు టైమింగ్స్ ఉన్న మనిషే గుర్తొచ్చిండు. గుర్తురావడం వేరు, రుజువు వేరు.

గడియారాలు

రుజువు కావాల్నంటే ఏ సెకనుకు ఏం జరిగిందో కలవాలె. ఇక్కడ నాలుగు గడియారాలు ఉన్నయ్, నాలుగూ నాలుగు దిక్కులు. రిలే ఎన్నడో కరెంటు పోయినప్పుడు తేదీ మర్చిపోయి ఏదో పాత సంవత్సరంల బతుకుతున్నది. ఆపరేటర్ గోడ గడియారం చూసి రాస్తడు. సర్వర్ మన టైమే. ఆర్‌టీయూ లాగ్ తీస్తే ఎల్‌సి దినం ఏ కమాండూ కనపడలే, కంపెనీ నుంచి వచ్చిన అబ్బాయి "చూసిన్రా సార్, మాది కాదు" అన్నడు. పది నిమిషాలు అందరం అదే నమ్మినం. తర్వాత తెల్లారుగట్ల ఒక క్లోజ్ కమాండ్ కనపడ్డది, ఆ టైముకు సబ్‌స్టేషన్‌ల ఏమీ జరగలే. దానికి ఐదున్నర గంటలు కలిపితే సరిగ్గా ఎర్ర బుగ్గ వెలిగిన టైము. ఆర్‌టీయూ గ్రీనిచ్ టైముల ఉన్నది, ఎవ్వరూ మార్చలే.

సో కమాండ్ వచ్చింది, అది ఖాయం. కంట్రోల్ రూమ్ సర్వర్‌ల చూస్తే అక్కడి నుంచి పోలే. మరి ఎవరు పంపిన్రు? ఆర్‌టీయూ లాగ్‌ల "కమాండ్ అందింది" అని ఉంటది, ఎక్కడి నుంచి అందిందో ఉండదు. రౌటర్‌ల ఆ వివరం ఉంటది గానీ కరెంటు పోయి వస్తే అది తుడుచుకపోతది. సబ్‌స్టేషన్‌ల ఉన్న రౌటర్‌కే కరెంటు పోయి వస్తుండె, ఎందుకంటే దాన్ని బ్యాటరీ మీద పెట్టకుండా గోడ ప్లగ్గుకు పెట్టిన్రు. అదేందో నాకు ఇప్పటికీ అర్థం కాదు, కరెంటు పోయినప్పుడే కదా దానితో పని.

నా మటుకు నాకు ఈ కేసుల అసలు జబ్బు ఇదే. బ్రేకర్ తప్పుగ కదలడం లక్షణం. కదిలించింది దొంగనా, మనోడేనా అని తేల్చుకోలేని స్థితిల ఆ వ్యవస్థ నడుస్తుండటం జబ్బు.

రౌటర్ సిమ్‌కు పబ్లిక్ ఐపీ, అంటే ఇంటర్నెట్‌ల ఎవరికైనా కనపడే అడ్రస్ నంబర్, ఉన్నది. నా ఫోన్ మొబైల్ డేటాల నుంచి ఆ నంబర్ కొడితే రౌటర్ లాగిన్ పేజీ వచ్చింది, రౌటర్ కింద స్టిక్కర్ మీద ఉన్న పాస్‌వర్డే లోపలికి తీసుకపోయింది. వన్ నాట్ ఫోర్ నడిచే 2404 పోర్టు (ఆ అడ్రస్‌ల ఒక తలుపు అనుకోండి) కూడా బయటికి తెరిచి ఉన్నది. అంటే ప్రపంచంల ఎవరైనా వచ్చి కూసోవచ్చు. ఆ మాట చెప్పంగనే రూమ్‌ల అందరి మొహాలు మారినయ్. 2021 మార్చిల సర్ట్-ఇన్ (సైబర్ దాడులు చూసుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ) నుంచి తెలంగాణ కరెంటు సంస్థలకు హెచ్చరిక వచ్చిన వార్త అందరికీ యాదికున్నది, "చైనోళ్లా సార్" అని వెంటనే అడిగిన్రు. 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌ల జరిగింది కూడా ఒకాయన ఎత్తిండు, ఆపరేటర్ల కండ్ల ముందటనే తెర మీద మౌస్ దానంతట అది కదిలి బ్రేకర్లు ఆఫ్ చేసుకుంట పోయింది, సుమారు 2 లక్షల 25 వేల కనెక్షన్లు చీకట్ల పడ్డయ్. భయం సహజమే. కానీ దాడి చేసేటోడు ఆదివారం సెలవు తీసుకుంటడా, మూడు సబ్‌స్టేషన్లు చేతిల ఉండగా ఒక్క చేన్ల ఫీడర్‌నే ఎందుకు పడేస్తడు? ఈ ప్రశ్నలకు జవాబు లేదు.

అయినా రిపోర్ట్ చేయమనే చెప్పిన. సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం ఇట్లాంటిది తెలిసిన 6 గంటల్లోపు చెప్పాలె. పెద్దసారు జర వెనకాడిండు, "మనోళ్ల పొరపాటే అయితే పరువు పోదా" అని. నా లెక్క ఏందంటే, పొరపాటు అని తేలినంక రిపోర్ట్ మూసేయడం సులువు, దాడి అని తేలినంక ఎందుకు చెప్పలేదో వివరించడం కష్టం. రాసి పంపిన్రు.

చేసి చూసినయ్, పనికిరానియ్

మొదలు పాస్‌వర్డ్ మార్చిన్రు. అది నేను చెప్పకముందే, రాత్రికి రాత్రి. మంచిదే గానీ పాస్‌వర్డ్ రౌటర్ పేజీకి, 2404 పోర్టుకు కాదు. పోర్టు మూస్తే కంట్రోల్ రూమ్‌కు కూడా దారి బంద్ అయితది కాబట్టి అది అట్లనే ఉంచిన్రు. తాళం మారింది, తలుపు మాత్రం తెరిచే ఉన్నది.

తర్వాత ఫలానా ఐపీ నుంచి వస్తేనే లోపలికి రానియ్యి అని రౌటర్‌ల రూల్ పెట్టినం. కంట్రోల్ రూమ్ ఇంటర్నెట్ మామూలు బ్రాడ్‌బ్యాండ్, మోడెమ్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే దాని ఐపీ మారుతది. ఒక మధ్యాహ్నం మారింది, మూడు సబ్‌స్టేషన్లు తెర మీద బూడిద రంగు అయిపోయినయ్. సాయంత్రానికి ఎవరో రూల్ తీసేసిన్రు.

ఇగ కోపం వచ్చి రౌటర్ వైరే పీకేసిన్రు. ఆపరేటర్లకు ధైర్యం వచ్చింది, నేను కూడా తాత్కాలికంగ సరే అన్న, ఎందుకంటే మనిషి ప్రాణం ముందట తెర ఎంత. కానీ అది ఏప్రిల్. ఒక రాత్రి ఈదురుగాలుల వాన కొట్టింది, మూడు సబ్‌స్టేషన్లల్ల ఫీడర్లు ఒకదాని వెనక ఒకటి పడ్డయ్, 33 కేవీ కూడా పోయి వచ్చింది. కంట్రోల్ రూమ్‌కు ఏం కనిపించలే. ఏ ఫీడర్ ఎర్త్ ఫాల్ట్ మీద పడ్డదో తెలిస్తే లైన్‌మన్‌ను అటు పంపుతరు, తెలియక ఒక్కొక్క ఆపరేటర్‌కు ఫోన్ చేసుకుంట కూసున్నరు, ఆ ఆపరేటర్లకేమో ఊర్ల నుంచి ఫోన్లు ఆగుతలేవు. తెల్లారినంక పోయి చూస్తే ఒక సబ్‌స్టేషన్‌ల రౌటర్ వైరు మళ్ల తగిలించి ఉన్నది. ఎవరు పెట్టిన్రంటే ఎవ్వరూ చెప్పలే. తిట్టబుద్ధి కాలే నాకు. ఆ రాత్రి ఆ వైరు లేకుండా పని చేయమనడమే అన్యాయం.

పనిచేసింది

అప్పుడు రెండు పనులు విడదీసినం. చూడటం వేరు, తిప్పడం వేరు. చూడటం ఎప్పుడూ బంద్ కావద్దు. తిప్పడం మాత్రం మూడు తాళాలు దాటితేనే.

దానికన్నా ముందు ఆ కమాండ్ ఎవరిదో దొరకాలె. ఒక సబ్‌స్టేషన్‌ల, అదే ఫీడర్ ఉన్న కాడ, పాత పబ్లిక్ దారి కావాలనే తెరిచి ఉంచినం, కానీ అన్ని ప్యానెళ్ల లోకల్/రిమోట్ స్విచ్ లోకల్‌ల పెట్టినం. లోకల్‌ల ఉంటే ఆర్‌టీయూ ఎంత మొత్తుకున్నా కాయిల్‌కు వోల్టేజ్ పోదు, అది వైరు దగ్గరే తెగిపోతది, సాఫ్ట్‌వేర్ మాట కాదు. ఆ మాట నమ్మకుండా ఒక్కొక్క ప్యానెల్‌ను టెస్ట్ చేయడం ఎంత మంచిదైందంటే, ఒక ప్యానెల్‌ల స్విచ్ లోకల్‌ల ఉన్నా కమాండ్ పోతున్నది! వెనక తలుపు తీసి చూస్తే టెర్మినల్ బ్లాక్ మీద రెండు టెర్మినళ్లను కలుపుతూ బెత్తెడు పసుపు వైరు ముక్క. కమిషనింగ్ అప్పుడు టెస్టింగ్ సులువుగ కావాలని ఎవరో పెట్టిన లూప్, తీయడం మర్చిపోయిన్రు. స్విచ్ మీద లోకల్ అని రాసి ఉన్నంత మాత్రాన లోకల్ కాదు. తీసేసినం, మళ్ల అన్నీ చూసినం.

రౌటర్ వెనక ఒక చిన్న పీసీ పెట్టి వచ్చిపోయే ప్యాకెట్లన్నీ రాయించినం, ఈసారి దాన్ని యూపీఎస్ మీద పెట్టి. మొదటి దినమే దేశదేశాల నుంచి తలుపు కొట్టేటోళ్లు కుప్పలు. పబ్లిక్ ఐపీ ఉంటే అంతే, ఇంటర్నెట్ మొత్తం తిరిగి ఏ పోర్టు తెరిచి ఉందో చూసే యంత్రాలు అవి. వాళ్లెవ్వరూ వన్ నాట్ ఫోర్ భాష మాట్లాడలే, కొట్టి పోయిన్రు. ఒక్క అడ్రస్ మాత్రం పద్ధతిగ వచ్చింది. కనెక్షన్ మొదలుపెట్టింది, స్టేషన్‌ల ఉన్న స్థితులన్నీ అడిగింది, కొన్ని దినాల తర్వాత ఒక మధ్యాహ్నం మూడో ఫీడర్‌కు, అంటే మన ఆ వ్యవసాయ ఫీడర్‌కే, ఓపెన్ కమాండ్ పంపింది. ఆర్‌టీయూ లోపల రిలే టిక్కుమన్నది, బ్రేకర్ కదలలే.

ఆ అడ్రస్ సిస్టమ్ పెట్టిన కంపెనీ ఆఫీసుది. అక్కడ వాళ్లకొక టెస్ట్ సర్వర్ ఉన్నది. కొత్త జిల్లాలల్ల పెట్టబోయే సిస్టమ్‌లకు మన సైట్ ఫైలునే కాపీ కొట్టుకుని వాడుకుంటున్నరు. కాపీ కొట్టినప్పుడు మన రౌటర్ ఐపీ కూడా అండ్ల రెండో కనెక్షన్‌గ మిగిలిపోయింది. వన్ నాట్ ఫోర్‌ల కమాండ్‌కు రెండు నంబర్లు ఉంటయ్, స్టేషన్ నంబర్ ఒకటి, ఆ స్టేషన్‌ల పాయింట్ నంబర్ ఒకటి. అన్ని సైట్లకూ స్టేషన్ నంబర్ 1, మూడో ఫీడర్‌కు అదే పాయింట్ నంబర్. వాళ్ల టేబుల్ మీద ఉన్న కొత్త ఆర్‌టీయూను టెస్ట్ చేస్తున్నమనుకుని పిల్లలు బటన్ నొక్కుతరు, కమాండ్ రెండు చోట్లకు పోతది, ఇక్కడ పాలమూరు చెల్కల నిజం బ్రేకర్ లేస్తది. మన ఆర్‌టీయూ ఒకేసారి ఇద్దరు మాస్టర్లను (కమాండ్లు పంపే సర్వర్లను) ఒప్పుకుంటది, అందుకే ఏ గొడవా లేకుండా చేసి పెట్టింది. ఆదివారం వాళ్ల ఆఫీసుకు సెలవు.

దొరికింది కదా, ఫైలు సరిచేసి ఊకుందాం అన్నరు కొందరు. వద్దన్న. మనోడి పొరపాటు ఏ దారిన వచ్చిందో బయటోడి దాడి కూడా అదే దారిన వస్తది, వచ్చినప్పుడు ఆదివారం ఆగదు.

సిమ్‌లు మార్చినం, ప్రైవేట్ ఏపీఎన్ (మొబైల్ కంపెనీ మనకే విడిగ ఇచ్చే దారి) సిమ్‌లు తీసుకున్నం, అంటే ఆ రౌటర్ ఇప్పుడు ఇంటర్నెట్‌కు కనపడనే కనపడదు. దాని మీద మళ్ల వీపీఎన్ (తాళం వేసిన సొరంగం లెక్క), కంట్రోల్ రూమ్ సర్వర్ ఒక్కదానికే లోపలికి దారి. 2021 అక్టోబర్‌ల సీఈఏ (కేంద్ర విద్యుత్ అథారిటీ) ఇచ్చిన పవర్ సెక్టార్ సైబర్ సెక్యూరిటీ గైడ్‌లైన్స్ చెప్పేది కూడా ఇదే, కంట్రోల్ చేసే నెట్‌వర్క్ ఇంటర్నెట్‌కు తగలొద్దు అని. ఒక్కొక్క సబ్‌స్టేషన్‌కు వేరే స్టేషన్ నంబర్ ఇచ్చినం, కమాండ్‌ను రెండు మెట్లు చేసినం, ముందు ఫలానా బ్రేకర్ అని ఎంచుకోవాలె, ఆర్‌టీయూ సరే అన్నంకనే నడపాలె. కంపెనీ వాళ్లకు దారి కావాల్నంటే ఫోన్ చేసి అడగాలె, కంట్రోల్ రూమ్‌ల మనిషి తెరుస్తడు, పని కాంగనే మూస్తడు. టైము కంట్రోల్ రూమ్ నుంచి అన్నిటికీ పోతది, రిలేలతో సహా. లాగులు 180 దినాలు ఉంచాలని సర్ట్-ఇన్ ఆదేశంలనే ఉన్నది, ఆ చిన్న పీసీ ఇప్పుడు ఆ పని మీదనే ఉన్నది.

వీటన్నిటి కన్నా నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది ఒక తాళపుచెవి మీద. లోకల్/రిమోట్ స్విచ్‌లు తాళపుచెవి ఉండేటియ్ పెట్టించినం. ఎల్‌సి ఇచ్చేటప్పుడు ఆపరేటర్ స్విచ్ లోకల్‌కు తిప్పి చెవి తీసి ఎల్‌సి కాయితంతో పాటు లైన్‌మన్ చేతిల పెడుతడు. చెవి ఆయన జేబుల ఉన్నంత సేపు హైదరాబాద్ నుంచైనా, బీజింగ్ నుంచైనా ఆ బ్రేకర్ కదలదు. ఏబీ స్విచ్, ఎర్తింగ్ రాడ్లు ఎట్లాగూ ఉండాల్సిందే, ఇది వాటికి అదనం. మొదట్ల లైన్‌మన్లు "ఇదొక మోతబరువు" అన్నరు. ఎల్‌సి దినం స్తంభం మీద ఉన్న అన్ననే మిగిలినోళ్లకు చెప్పి ఒప్పించిండు, నేను చెప్తే ఇనేటోళ్లు కాదు.

ఆటోస్టార్టర్ల ట్రిప్పులకు మందు వేరే అన్న కదా. ఓవర్ కరెంట్ సెట్టింగ్ పెంచేయమని ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) మీద ఊరోళ్ల ఒత్తిడి ఉండె. శాశ్వతంగ పెంచితే దూరంగ ఎక్కడో రెండు ఫేజులు తగులుకున్నప్పుడు వచ్చే తక్కువ కరెంటు ఫాల్ట్‌ను రిలే పట్టుకోదు. అందుకే రిలేల ఉండే కోల్డ్ లోడ్ పికప్ వాడినం, చాలాసేపు పోయిన కరెంటు తిరిగి వచ్చినంక కొద్దిసేపు మాత్రమే సెట్టింగ్ పెరుగుతది, తర్వాత దానంతట అదే మామూలుకు వస్తది. ఎర్త్ ఫాల్ట్ సెట్టింగ్ మాత్రం ఇసుమంత కూడా ముట్టలే, తెగిన వైరు ఎండిన చెల్కల పడితే వచ్చే కరెంటే తక్కువ, అండ్లనే పసుల కాసే పిల్లలు తిరుగుతుంటరు. తిరిగి ఇచ్చినప్పుడు పడటం చాలా వరకు తగ్గింది.

ఈ కేసుల నుంచి నేను పట్టుకపోయింది

పాలమూరుల ఒక 11 కేవీ ఫీడర్ పడితే దేశం ఆగదు, నిజమే. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైను కలిసినంక దక్షిణాది గ్రిడ్ కూడా మిగతా దేశంతో ఒకటే అయింది, అంత పెద్ద దాంట్ల ఒక ఫీడర్ లెక్కకే రాదు. భయం అక్కడ లేదు. ఒకే కంపెనీ, ఒకే ఫైలు, ఒకే పాస్‌వర్డ్, ఒకే స్టేషన్ నంబర్ కాపీ అయిపోతూ ఎన్ని సబ్‌స్టేషన్లకు పోయిందో, అన్నింటినీ ఒకే కమాండ్ ఒకేసారి కదిలించగలదు. ఒక్కసారే అంత లోడు పడిపోతే, లేదా ఒక్కసారే అన్ని ఆటోస్టార్టర్లు లేస్తే, అది పైన ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లకు, లైన్లకు తగులుతది. అందుకే కొత్త సైట్‌కు పోయినప్పుడు నేను ఇప్పుడు మొట్టమొదట అడిగేది, ఈ ఫైలు ఎక్కడి నుంచి కాపీ కొట్టిన్రు అని.

ఉక్రెయిన్ కథల అందరు మౌస్ కదలడం చెప్తరు గానీ నాకు పనికొచ్చింది దాని రెండో సగం. అక్కడ సబ్‌స్టేషన్లకు సంబంధం కలిపే కన్వర్టర్ల సాఫ్ట్‌వేర్‌ను కూడా దాడి చేసినోళ్లు పాడు చేసిన్రు, రిమోట్‌గ తిరిగి ఇచ్చే దారే లేకుండా పోయింది. అయినా కొన్ని గంటలల్లనే కరెంటు వచ్చింది, మనుషులు బండ్లెక్కి సబ్‌స్టేషన్లకు పోయి చేత్తో బ్రేకర్లు వేసిన్రు కాబట్టి. చేత్తో వేయడం వచ్చినోళ్లు ఉన్నరు కాబట్టి. కొత్తగ వచ్చిన ఆపరేటర్లల్ల కొందరికి బ్రేకర్‌ను మూసే స్ప్రింగ్ చేత్తో ఛార్జ్ చేయడం (బిగించడం) రాదు, నేను చూసిన. అందుకే ఇక్కడ నెలకొకసారి ఒక పూట రౌటర్ ఆపి, ఫోన్ల మీద, చేతుల మీద నడిపే ప్రాక్టీస్ పెట్టినం. మొదటిసారి ఒక సబ్‌స్టేషన్‌ల స్ప్రింగ్ ఛార్జ్ చేసే హ్యాండిలే దొరకలే, స్టోర్ రూమ్‌ల పాత ఇన్సులేటర్ల కింద ఉన్నది. ఇప్పుడు ప్యానెల్ పక్కన మొలకు వేలాడుతున్నది.

మిగిలిపోయినయ్ ఉన్నయ్. రిలేలకూ ఆర్‌టీయూకూ మధ్యల నడిచే మోడ్‌బస్ అనే భాషకు ఇప్పటికీ ఏ పాస్‌వర్డూ లేదు, దానికి ఉన్న కాపలా ఆ గది తాళం ఒక్కటే, ఆ గది కిటికీ అద్దం పగిలి చాలా దినాలైంది. రెండు రౌటర్లు మరీ పాతయ్, వాటికి కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వడమే మానేసింది, కొత్తవి కొనడానికి ఎస్టిమేట్ పైకి పోయి కూసున్నది. అవి వచ్చేదాక ఆ రెండు సబ్‌స్టేషన్లల్ల స్విచ్‌లు లోకల్‌లనే ఉన్నయ్. కంట్రోల్ రూమ్ చూస్తది, ఫోన్ చేసి చెప్తది, ఆపరేటర్ చేత్తో తిప్పుతడు.